మూడు లక్షలు, మూడు పాత కార్లు: ఎస్టీమా, వీటెక్కా, పాలియోనా?

గుంటూరులో ఉండే మా పిన్ని కొడుకు పోయిన నెల వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపాడు. తెనాలిలో 2005 మారుతి ఎస్టీమ్, హైదరాబాద్‌లో 2002 హోండా సిటీ వీటెక్, మంగళగిరిలో 2002 ఫియట్ పాలియో 1.6. కింద ఒకటే లైను: "అన్నయ్యా, కొనడం, బాగు చేయించడం అన్నీ కలిపి నా దగ్గర మూడు లక్షలు. ఏది తీసుకోమంటావు?"

అసలు ప్రశ్న ఆ "అన్నీ కలిపి" దగ్గరే ఉంది. మూడు లక్షలున్నవాడు సాధారణంగా రెండున్నర పెట్టి కారు కొనేస్తాడు. మిగిలిన యాభై వేలు మొదటి నెలలోనే ఆవిరైపోతాయి. ఆ తర్వాత కారు గోడవార కవరు కప్పుకుని కూర్చుంటుంది, దాని కింద పిల్లి పిల్లలు పెడుతుంది. నా మొదటి పాత కారు గతి అదే. ఏ కంపెనీదో ఇప్పుడు అనవసరం, తప్పు నాది. అందుకే మావాడికి ముందు లెక్క చెప్పాను: కారుకి లక్షా పది దాటొద్దు. బాగు చేయించడానికి లక్షా ఇరవై. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, పేరు మార్పిడికి పాతిక వేలు. మిగిలిన నలభై అయిదు వేలే నీ సరదాకి. ఈ లెక్కలో ఇమడని కారు ఎంత అందంగా ఉన్నా ఫొటో చూసి ఆనందించడమే.

ఇక ఒక్కో కారు సంగతి.

ఎస్టీమ్‌ని చూస్తే రిటైరైన బ్యాంకు మేనేజరు కారులా ఉంటుంది. అదే దాని వేషం. 1994లో వచ్చినప్పుడు కార్బురేటర్ ఇంజిన్, 65 గుర్రాల శక్తి. తర్వాత 16 వాల్వుల ఇంజెక్షన్ ఇంజిన్ పెట్టారు, అది 85 గుర్రాలు. కొంటే ఈ రెండోదే కొనాలి. 85 అంటే ఈ రోజుల్లో ఏముంది అనిపిస్తుంది కానీ, కారు బరువు దాదాపు 870 కేజీలే. టన్నుకి లెక్క కడితే 97 గుర్రాల పైచిలుకు పడుతుంది. ఈ లెక్కలో ఇప్పటి చాలా చిన్న కార్లు దీని వెనకే నిలబడతాయి. కాజ టోల్‌గేటు దాటాక మూడో గేరులో ఒకసారి తొక్కి చూస్తే తెలుస్తుంది.

దీని అసలు బలం మాత్రం వేగం కాదు. ఇందులో ఉన్న 1.3 లీటర్ల జీ13బీబీ ఇంజిన్నే మారుతి జిప్సీ కింగ్‌కీ, వెర్సాకీ, 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్‌కీ వాడింది. జిప్సీ 2019 దాకా తయారైంది. అంటే ఎస్టీమ్ ఆగిపోయి ఏళ్ళు గడిచినా ఇంజిన్ సామాను తయారీ ఆగలేదు. గ్యాస్కెట్లు, వాటర్ పంపు, రింగులు, సెన్సార్లు విజయవాడ ఆటోనగర్‌లో దాదాపు ఏ మారుతి కౌంటర్లో అడిగినా "ఒరిజినల్ కావాలా, లోకల్ చాలా?" అనే మాటే వినిపిస్తుంది. "లేదండీ" అనే మాట చాలా తక్కువ. బాడీ సామాను దగ్గర మాత్రం ఇంత సుఖం లేదు. వెనక లైట్లు, బంపర్లు, డోరు రబ్బర్లకి పాత సామాను షాపుల చుట్టూ తిరగాల్సిందే.

సిటీ వీటెక్‌ది వేరే కథ. 1998లో మన దేశానికి వచ్చిన మొదటి తరం సిటీకి తర్వాత ఈ వీటెక్ ఇంజిన్ ఇచ్చారు. 1.5 లీటర్లు, 106 గుర్రాలు. ఆ రోజుల్లో మన దేశంలో కుర్రాళ్ళు పిచ్చెక్కిపోయిన కారు ఇది, ఇప్పటికీ ఆ పిచ్చి దిగలేదు. వాల్వులని తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద మామూలు లోబులతో (ఉబ్బెత్తులతో) పాటు ఇంకా ఎత్తైన లోబు ఒకటుంటుంది. ఇంజిన్ తిరగడం నిమిషానికి దాదాపు 5000 చుట్లు దాటాక ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను జరిగి రాకర్లు (లోబు కదలికని వాల్వుకి అందించే మీటలు) ఆ పెద్ద లోబుకి కట్టుబడతాయి. ఇదే వీటెక్: వాల్వులు ఎక్కువ తెరుచుకుంటాయి, శబ్దం మారిపోతుంది. అప్పటిదాకా పప్పన్నం తింటున్నవాడికి హఠాత్తుగా గోంగూర పచ్చడిలో పచ్చిమిరపకాయ తగిలినట్టుంటుంది.

కానీ ఈ పనంతా ఆయిల్ ప్రెషర్ మీదే నడుస్తుంది. ఆయిల్ తక్కువున్నా, ఆ ఆయిల్‌ని వదిలే కరెంటు వాల్వు, అంటే సోలెనాయిడ్ దగ్గరి చిన్న జల్లెడ మడ్డితో మూసుకుపోయినా వీటెక్ పని చేయదు. బోర్డు మాత్రం వీటెక్ అనే ఉంటుంది. అందుకే కొనేముందు హైవే మీద రెండో గేరులో 6000 దాకా లాగించి వినాలి. గొంతు మారకపోతే నువ్వు కొంటున్నది స్టిక్కరే. రెండోది, ఈ ఇంజిన్‌కి టైమింగ్ చైన్ ఉండదు, బెల్టు ఉంటుంది. తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి, హెడ్డు దించాల్సిందే. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క, ఆ డబ్బు బేరంలో తగ్గించుకోవాలి. మూడోది, ఇది నేలకి బాగా దగ్గరగా ఉండే కారు. నలుగురు కూర్చుని మన కాలనీల్లో ఎవరికి తోచిన ఎత్తులో వాళ్ళు పోసుకున్న స్పీడు బ్రేకర్లు దాటితే కింద సైలెన్సరు గీరుకునే చప్పుడు వీధంతా వినబడుతుంది. దీన్ని ఇంకా కిందకి దించాలనుకునేవాళ్ళకి నా దగ్గర సలహా లేదు.

హైదరాబాద్ బండి కాబట్టి కాగితాల తిప్పలు కూడా చెప్పాలి. మావాడు నంబరు చూసి "ఏపీ 09 అన్నయ్యా, మన రాష్ట్రం నంబరే కదా" అన్నాడు. ఏపీ 09 ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాద్ నంబరు. 2014 తర్వాత దాని రికార్డంతా తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంది. ఏపీ 16 విజయవాడ, ఏపీ 07 గుంటూరు బండి కొన్నంత తేలిక కాదు. అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తేవాలి, ఇక్కడ పన్ను సంగతి తేల్చుకోవాలి, అప్పుడు కానీ పేరు మారదు. అమ్మేవాడు "ఎన్‌ఓసీ నేనే ఇప్పిస్తా" అంటే, చేతికిచ్చాకే డబ్బులు మొత్తం ఇవ్వాలి.

పాలియో అంటే నాకు మనసులో మెత్తని చోటుంది, ఒప్పుకుంటాను. 2001లో వచ్చింది, సచిన్ టెండూల్కర్ దానికి ప్రచారం చేశాడు. 1.6 ఇంజిన్ 100 గుర్రాలు. డోరు వేస్తే బీరువా తలుపు మూసినట్టు చప్పుడు. వందలో వెళ్తున్నా రోడ్డుకి అతుక్కుని ఉంటుంది, స్టీరింగు తిప్పితే చేతికి రోడ్డు తెలుస్తుంది. మూడింట్లో నడపడానికి ఏది బాగుంటుందంటే, నా ఓటు దీనికే. కొనమంటానా అంటే, అనను. ఫియట్ మన దేశంలో కార్లు అమ్మడమే మానేసింది. సామాను దొరకదని కాదు, పుణె నుంచో కోయంబత్తూరు నుంచో పార్శిల్‌లో వస్తుంది. ఈ వారం రావచ్చు, వచ్చే నెల రావచ్చు. పైగా 1.2 పాలియోలు ఎక్కువ, 1.6 తక్కువ, కాబట్టి పాత సామాను షాపులో పాలియో తలుపు దొరుకుతుంది కానీ 1.6 ఇంజిన్ సామాను దొరకదు. పెట్రోలు కూడా దండిగా తాగుతుంది. ఇంట్లో రోజూ తిరగడానికి ఇంకో బండి ఉండి, విడిభాగాల కోసం విప్పుకోడానికి రెండో పాలియోని పెరట్లో పడేసుకునే జాగా ఉన్నవాడికే ఇది. అలాంటి పెరడు గుంటూరులో ఉన్నవాడు అదృష్టవంతుడు, విజయవాడలో ఉన్నవాడు కోటీశ్వరుడు.

ఇంకో రెండు పేర్లు కూడా వినిపిస్తాయి కాబట్టి రెండు ముక్కలు. ఫోర్డ్ ఐకాన్ 1.6, 92 గుర్రాలు, టైమింగ్ చైన్ ఉన్న గట్టి ఇంజిన్. మంచిది దొరికితే సిటీ కంటే చవకలో అంతే సరదా. పాత బాలెనో, 1.6 లీటర్లు, 94 గుర్రాలు, ఎస్టీమ్‌కి పెద్దన్న లాంటిది, కానీ సామాను దాని అంత తేలిగ్గా దొరకదు. ఇక స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 1.8 టర్బో, 150 గుర్రాలు, రీమ్యాప్ చేస్తే, అంటే ఇంజిన్ కంప్యూటరు లెక్కలు మారిస్తే, ఇంకా బోలెడు. మూడు లక్షల్లో వచ్చే ఆక్టేవియా ఆర్ఎస్‌ని బాగు చేయడానికి మళ్ళీ ఇంకో మూడు లక్షలు కావాలి. టర్బో బండి శక్తి పెంచడం తేలిక, దాన్ని బతికించడమే ఖరీదు.

చూసేటప్పుడు

వెంట ఒక అయస్కాంతం, ఒక టార్చి, ఒక పాత స్క్రూడ్రైవరు తీసుకెళ్ళాలి. అయస్కాంతం డోరు కింది అంచున, చక్రాల పై వంపుల్లో పెట్టి చూడాలి. ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది. అసలు చూడాల్సింది డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద. నా మొదటి కారుని ఆటోనగర్‌లో నాకు తెలిసిన టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మాట్లాడకుండా స్టెప్నీ తీసి, కార్పెట్ లేపి, స్క్రూడ్రైవరు పిడితో నాలుగుసార్లు తట్టాడు. మూడుసార్లు టంగుమంది. నాలుగోసారి డబ్బుమంది. మొనతో మెల్లగా నొక్కాడు, అది అరటిదూటలో దిగినట్టు దిగి కింద నేల కనపడింది. పై నుంచి మెరిసిపోతున్న కొత్త పెయింటు. "రంగుకెంత ఇచ్చావు?" అనడిగాడు. చెప్పాను. నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది.

మన విజయవాడలో ఇప్పుడు ఇంకో పరీక్ష కూడా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు వేల ఇళ్ళు మునిగినప్పుడు వాకిళ్ళలో ఉన్న కార్లూ మునిగాయి. అవన్నీ తుక్కుకి పోలేదు. సీటు బెల్టుని చివరిదాకా బయటికి లాగి చూడాలి, లోపలి భాగంలో మట్టి గీత ఉంటే చాలు, ఇక బేరం వద్దు. సీట్ల కింద పట్టాల్లో ఒండ్రు, హెడ్‌లైటు లోపల నీటి చార, కాళ్ళ దగ్గర కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లలో పచ్చటి చిలుము, ఇవన్నీ అదే కథ చెప్తాయి. ఇంజిన్ కడిగితే బాగవుతుంది. వైరింగు ఒకసారి చిలుము పడితే అది ఏళ్ళ తరబడి రోజుకో కొత్త రోగం చూపిస్తుంది.

ఆఖరి పరీక్ష ఎండ. మధ్యాహ్నం రెండింటికి, ఏసీ పూర్తిగా వేసి, బెంజ్ సర్కిల్ కింద సిగ్నళ్ళ దగ్గర అరగంట తిప్పాలి. టెంపరేచర్ ముల్లు సగంలో నిలబడితే మంచిది. పైకి పాకుతుంటే రేడియేటరో, ఫ్యానో. అసలు పైకే రాకపోతే కూడా రోగమే. మన దగ్గర బండి వేడెక్కుతుందంటే చాలామంది మెకానిక్కులు చేసే మొదటి పని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) పీకి పారేయడం. "మన ఎండలకి ఇదెందుకండీ" అంటారు. కార్బురేటర్ రోజుల్లో కొంత నడిచింది. ఇంజెక్షన్ ఇంజిన్‌లో కంప్యూటరు ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, ఇంజిన్ త్వరగా అరుగుతుంది. కొన్ని వందల రూపాయల వస్తువది.

లక్షా ఇరవై వేలు ఎక్కడ పెట్టాలి

వరస ముఖ్యం. ముందు టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్, రేడియేటర్ గొట్టాలు, ఒకే విడతలో, ఎందుకంటే విప్పిన కూలీ ఒకటే. తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, పాతబడ్డకొద్దీ తక్కువ వేడికే మరిగి పెడలు మెత్తబడుతుంది. ఆయిల్‌తో పాటు రబ్బరు గొట్టాలు కూడా మార్పించాలి. తర్వాత ఇంజిన్ మౌంట్లు, సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు. ఇవి కొత్తవి పడగానే "ఇంత బాగుండేదా ఈ కారు!" అంటాం, ఒక్క గుర్రం కూడా పెంచకుండానే.

పెట్రోలు గొట్టాలు చాలామంది మర్చిపోతారు. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2002 నాటి రబ్బరు దాని కోసం చేసింది కాదు. గట్టిపడి పగుళ్ళు వస్తాయి, వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్కలు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కి తట్టుకునే ఇంజెక్షన్ గొట్టం అని అడిగి కొనాలి, మామూలు మీటరు గొట్టం కాదు. నెలల తరబడి బండి నిలబెట్టేవాళ్ళు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకూడదు కూడా, ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది.

రంగు చివర. తుప్పు కోసి రేకు అతికించడం ముందు, మెరుపు ఎప్పుడైనా. ఇంకో మాట: ఆటోనగర్ అసలు లారీల ఊరు. బాడీ కట్టడంలో వాళ్ళ చేయి గొప్పదే, కానీ లారీ మీద అలవాటైన సుత్తి పలచటి కారు రేకు మీద పడితే వేరేగా ఉంటుంది. కార్ల పనే చేసే షెడ్డు వెతుక్కుని, వాళ్ళు చేసిన బండి ఒకటి రెండేళ్ళ తర్వాత ఎలా ఉందో చూసి ఇవ్వాలి.

నలభై అయిదు వేల సరదా

కుర్రాళ్ళు ముందు సైలెన్సరు మారుస్తారు. ఇవి టర్బో లేని ఇంజిన్లు. గాలి ఫిల్టరు, ఫ్రీ ఫ్లో సైలెన్సరు కలిపి పెట్టినా వచ్చేది ఎక్కువగా చప్పుడే. బానెట్ లోపల తెరిచి పెట్టే కోన్ ఫిల్టరైతే మన మే నెలలో వేడి గాలి పీల్చి ఉన్న శక్తి కూడా పోగొడుతుంది. హెడర్లు, క్యామ్, ట్యూనింగు అన్నీ కలిపి చేస్తే ఫలితం ఉంటుంది, కానీ అది ఈ బడ్జెట్ కాదు.

నేనైతే టైర్లకి, బ్రేక్ ప్యాడ్లకి పెడతాను. ఎస్టీమ్ టైరు 175/70 ఆర్13, పూర్తి ఎత్తు 575 మిల్లీమీటర్లు. దాని బదులు 14 అంగుళాల చక్రం మీద 185/60 వేస్తే ఎత్తు 578. స్పీడోమీటరు లెక్క మారదు, మలుపుల్లో పట్టు మాత్రం బాగా మారుతుంది. 15 అంగుళాలకి 195/50 కూడా ఎత్తు సరిపోతుంది కానీ, పలచటి గోడల టైరు మన గుంటల్లో రిమ్ముని బతకనివ్వదు. టైరు మీద నాలుగంకెలు చూడాలి: 2319 అంటే 2019లో 23వ వారం. ముదురు టైరు ఎంత గాట్లున్నా వద్దు.

చట్టం సంగతి ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్పులు కుదరవు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ఇంజిన్ మార్చినా ఆర్సీలోకి ఎక్కాల్సిందే. పెద్ద చప్పుడు సైలెన్సరు వేసుకుని బందరు రోడ్డు మీద తిరగడమంటే పిలిచి మరీ ఆపించుకోవడం. ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పని మార్పు ప్రమాదమప్పుడు క్లెయిమ్‌కి అడ్డం పడుతుంది.

ఈ మూడు బండ్లకీ పదిహేనేళ్ళు ఎప్పుడో దాటాయి. రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి పది వేలు. గడువు దాటితే నెలకి అయిదు వందలు అదనం. మూడేళ్ళు మర్చిపోయిన బండికి అదే పద్దెనిమిది వేలు. మంగళగిరి పాలియోది ఇలాగే ఎప్పుడో గడువు అయిపోయి ఉంది, యజమాని "అదెంతలే" అన్నాడట.

మావాడికి అదొక్కటే కారు, రోజూ గుంటూరు నుంచి విజయవాడ తిరగాలి. ఇంట్లో ఇంకో బండి ఉంటే, ఇంజిన్‌ని ఆఖరిదాకా లాగించే సరదా ఉంటే, ఎన్‌ఓసీ కోసం నాలుగు సార్లు హైదరాబాద్ వెళ్ళే ఓపిక ఉంటే సిటీయే కొనమనేవాణ్ణి. వాడి పరిస్థితికి ఎస్టీమ్. మొహం ముడుచుకున్నాడు. "మా మావయ్య కారులా ఉంటుందన్నయ్యా" అన్నాడు. తెనాలి వెళ్ళి ఇద్దరం చూశాం. డిక్కీ అడుగు నాలుగుసార్లూ టంగుమంది. సీటు బెల్టులు శుభ్రం. రిజిస్ట్రేషన్ పొడిగింపు అయింది. బెల్టు మార్చిన బిల్లు లేదు కాబట్టి ఆ పేరు మీద ఎనిమిది వేలు తగ్గించారు. మేం పెట్టి చూసిన అయస్కాంతం ఒక్క ఎడమ వెనక తలుపు మీదే జారింది, అదీ పాత గీతట.

పొద్దుపోయాక మావాడు ఒక్కడే నడుపుకుంటూ ఇంటికెళ్ళాడు. చేరగానే ఫోన్ చేశాడు. మూడో గేరు గురించి చెప్తాడనుకున్నాను.

"అన్నయ్యా, తెనాలి నుంచి గుంటూరు దాకా టెంపరేచర్ ముల్లు అడుగు నుంచి లేవలేదు."

"థర్మోస్టాట్ పీకేసి ఉంటారు. రేపు పెట్టిద్దాం, పడుకో."